కిరణం కోసం కాపుకాసే కెమెరా

ఎక్స్‌రే గదిలో కిరణాలు యంత్రంలో పుట్టి మనిషిలోంచి దూసుకుపోతాయి. న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో తంతు తిరగబడుతుంది. నరానికి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎముకలోనో థైరాయిడ్‌లోనో చేరాక, రోగి ఒంట్లోంచే గామా కిరణాలు బయటికొస్తాయి. పైనున్న గామా కెమెరా వాటికోసం కాపుకాస్తుంది, అంతే.

ఆ కాపలా తేలిక కాదు. గామా కిరణాలను ఏ గాజు కటకమూ వంచలేదు. 1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో బెనెడిక్ట్ కాసెన్ చేసిన స్కానర్‌లో ఒకే డిటెక్టర్ రోగి మెడ మీద వరసలు వరసలుగా అటూ ఇటూ నడుస్తూ కాగితం మీద గుర్తులు వేసేది. గ్రంథి ఆకారం తెలిసేది గానీ, పారుతున్న రక్తాన్ని పట్టుకోవడం ఆ నడకతో అయ్యే పని కాదు.

బర్క్‌లీలోని డోనర్ ప్రయోగశాలలో హాల్ యాంగర్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు ఆ నడకే మాన్పించాడు. 1957 నాటి ఆయన కెమెరాలో కదలని స్ఫటికం ఒక్కటే. సోడియం అయొడైడ్‌లో రవ్వంత థాలియం కలిపి పెంచినది. గామా కిరణం తగిలితే అందులో సన్నని నీలి మెరుపు పుడుతుంది. వెనక ఏడు ఫొటోమల్టిప్లయర్ గొట్టాలు. మెరుపు పడగానే గొట్టంలో ఎలక్ట్రాన్లు ఊడి, మెట్టుమెట్టుకూ పెరుగుతూ, సుమారు పది లక్షల రెట్లై బయటికొస్తాయి.

ఏడు గొట్టాలకు బొమ్మలో ఏడు చుక్కలేగా రావాలి? యాంగర్ తెలివంతా ఇక్కడుంది. వీధిలో ఎవరింట్లో మిరపకాయ పోపు వేసినా ఘాటు అందరికీ తగులుతుంది, పక్కింటికి ఎక్కువ, చివరింటికి తక్కువ. ఎవరెంత దగ్గారో పోల్చితే వంటిల్లు దొరికిపోతుంది. గొట్టాల సంకేతాలను సర్క్యూట్ అలాగే పోల్చి, మెరుపు పుట్టిన చోటును గొట్టం వెడల్పు కన్నా చాలా సూక్ష్మంగా చెబుతుంది. సంకేతాలన్నీ కూడితే కిరణం శక్తి తెలుస్తుంది. ఒంట్లో దేన్నో ఢీకొని దారి మళ్లిన కిరణం శక్తి కోల్పోయి వస్తుంది గనక దాన్ని ఏరి పారేయొచ్చు.

కటకం లేని లోటు తీర్చేది సీసం. మొదటి కెమెరాకు సీసంలో సూదిబెజ్జం లాంటి రంధ్రం ఒక్కటే. తర్వాత వేల రంధ్రాల పలక వచ్చింది, పేరు కాలిమేటర్. తిన్నగా వచ్చిన కిరణాన్నే పోనిస్తుంది, వాలుగా వచ్చినదాన్ని మింగేస్తుంది. చివరికి స్ఫటికాన్ని చేరేవి పదివేలలో ఒకటో రెండో! ఇంత నాజూకు యంత్రంలో ఇంత మొరటు భాగమా అనిపిస్తుంది నాకు.

కెమెరాకు సరిజోడు, మందులో కలిపే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం. దాని కిరణాల శక్తి, 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఈ స్ఫటికానికి చక్కగా సరిపోతుంది. కానీ అది ఆరు గంటల్లో సగమైపోతుంది. దూరం నుంచి తెప్పించేదెలా? అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల దీనికి జనరేటర్ తయారుచేసింది. 66 గంటలకు సగమయ్యే మాలిబ్డినం-99ను పెట్టెలో పంపితే, అందులో ఊరే టెక్నీషియాన్ని ఆస్పత్రివాళ్లు ఉప్పునీటితో కడిగి రోజూ తీసుకుంటారు. మాలిబ్డినం మాత్రం కొద్దిపాటి రియాక్టర్ల నుంచే రావాలి. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగితే దేశదేశాల్లో స్కాన్లు వాయిదా పడ్డాయి.

పెట్ (PET) అనే మరో రకం స్కానర్‌కు ఈ సీసపు జల్లెడ అక్కర్లేదు. దాని మందు నుంచి వెలువడే పాజిట్రాన్, ఒంట్లోని ఎలక్ట్రాన్ కలిసి మాయమైనచోట రెండు కిరణాలు పుట్టి చెరోవైపు పోతాయి. రోగి చుట్టూ ఉన్న వలయంలో రెండు డిటెక్టర్లు దాదాపు ఒకేసారి స్పందిస్తే, మూలం వాటిని కలిపే గీత మీద ఉన్నట్టే. అయితే అందులో ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాల్లో సగమవుతుంది, సైక్లోట్రాన్ మరీ దూరంగా ఉంటే కుదరదు. టెక్నీషియం పెట్టె వారానికోటి వస్తే చాలు. అందుకే ఎముకల స్కాన్‌కు ఇప్పటికీ ఎక్కువచోట్ల యాంగర్ కెమెరా వారసులే దిక్కు.