జున్ను కాని జున్ను

పొద్దున్నే క్లాసుకు పరుగెత్తే తొందరలో మనలో చాలామంది ఏమీ తినకుండానే వస్తారు. పదకొండయ్యేసరికి కడుపు నకనకలాడుతుంది. అప్పుడు క్యాంటీనులో ఒక టీ, రెండు బిస్కట్లు, లేదా ఓ మిక్చరు పొట్లం. విచిత్రమేమిటంటే, ఇలా కాలక్షేపం చేసేవాళ్ళలో పాడి ఉన్న ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. ఇంట్లో పితికిన పాలు తెల్లవారేసరికి కేంద్రానికి పోతాయి. అక్కడ వెన్న ఎంత, ఇతర ఘనపదార్థాలెంత అని చూసి ధర కడతారు. "వెన్న ఎంతొచ్చింది?" అని అడగని రైతు లేడు. "మాంసకృత్తులెంత?" అని అడిగినవాణ్ణి మా ఊళ్ళో నేనింతవరకు చూడలేదు. కండ పట్టేది వాటివల్లే గదా! ఆ మాంసకృత్తుల్ని సులువుగా కంచంలోకి తెచ్చుకునే ఉపాయమే చీజ్ టోస్టు. ఇదేదో దొరల తిండి అనుకోనక్కరలేదు. అర లీటరు పాలు, ఒక నిమ్మకాయ, నాలుగు రొట్టె ముక్కలు ఉంటే చాలు.

చీజును మన నిఘంటువులు జున్ను అంటాయి. కాని మన జున్ను వేరు. ఈనిన గేదె తొలిరోజుల్లో ఇచ్చే ముర్రుపాలలో, వేడికి గడ్డకట్టే మాంసకృత్తులు బాగా ఎక్కువ. అందుకే బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే, కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు అదే గట్టిపడుతుంది. మామూలు పాలను ఎంత కాచినా అలా కావు. వాటి మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీన్. కేసీన్ రేణువులన్నిటికీ ఋణ విద్యుదావేశం ఉండడంతో ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ పాలల్లో తేలుతుంటాయి. నిమ్మరసం పడితే ఆ ఆవేశం తగ్గిపోతుంది. పి.హెచ్. 4.6 దగ్గరికి వచ్చేసరికి నెట్టుకోవడం మానేసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాలు విరగడమంటే ఇదే. వేడి పాలల్లో ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక చేసే పద్ధతి. అర లీటరు పాలు పొంగు వచ్చేదాకా కాచి, స్టవ్వు ఆపి, ఒక నిమిషం ఆగాలి. నిమ్మరసంలో కాసిని నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలపాలి. గడ్డలు విడిపోయి, తేట పసుపుపచ్చగా కనిపించగానే రసం పోయడం ఆపాలి. పల్చటి గుడ్డలో వడగట్టి, పులుపు పోయేట్టు చన్నీళ్ళు పోసి, పిండి, పావుగంటసేపు బరువు పెట్టాలి. గేదెపాలైతే సుమారు వంద గ్రాముల పనీరు వస్తుంది. దీన్ని చిదిపి సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు ఉప్పు, మిరియాలపొడి కలపాలి. రొట్టెను పెనం మీద ఒకవైపు కాల్చి, తిరగేసి, కాలిన వైపున ఇది పరిచి, మూతపెట్టి సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు ఉంచితే సరి. ఇద్దరికి సరిపోతుంది. రాత్రే పనీరు చేసి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే పొద్దున పది నిమిషాల పని.

ఈ పనీరు కరిగి తీగలు సాగుతుందని మాత్రం ఎదురుచూడకండి. ఆమ్లంతో విరిచినది వేడికి నీరు వదిలి ఇంకా బిగుస్తుందే తప్ప కరగదు. అంగట్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్ నున్నగా కరగడానికి కారణం దానిలో కలిపే లవణాలు. 1911లో స్విట్జర్లాండులో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనేవారు సోడియం సిట్రేటుతో ఈ పద్ధతి కనిపెట్టారు. ఆ లవణం కేసీన్ నుంచి కాల్షియాన్ని లాగేసుకోవడంవల్ల కొవ్వు విడిపోకుండా కలిసి ఉంటుంది. రుచి బాగానే ఉంటుంది, కాని ఉప్పు పాలు ఎక్కువ. ఆ చీజ్ వాడితే వేరే ఉప్పు వేయకండి.

రొట్టె విషయంలోనూ కాస్త జాగ్రత్త అవసరం. గోధుమరంగు ఉన్నంత మాత్రాన అది గోధుమ రొట్టె కాదు. ప్యాకెట్టు మీది పదార్థాల పట్టికలో ఎక్కువగా ఉన్నది ముందు రాస్తారు. మొదటి పేరు మైదా అయితే రంగు చూసి మోసపోయినట్టే. పెనం మీద రొట్టె ఎర్రబడి కమ్మని వాసన రావడం మాత్రం అసలు గుణమే. పిండిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి జరిపే ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ వివరించాడు. నల్లగా మాడనివ్వకుండా ఎర్రగా ఉండగానే దించాలి.

మిగిలిన తేట పారబోయకండి. పాలలోని చక్కెర, కొన్ని బి విటమిన్లు అందులోకే పోతాయి. పప్పులో పోసినా, చపాతీపిండి కలిపినా మంచిదే.

గేదెపాలు అర లీటరులో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ పనీరులోకి వస్తుంది. మిక్చరు పొట్లంతో ఆకలి కాసేపు చల్లారుతుందేమోగాని, ఇది మధ్యాహ్నం దాకా కడుపులో నిలుస్తుంది. పాలు అమ్ముకోక తప్పదు, ఇల్లు గడిచేదే వాటిమీద. అయినా అమ్మే పాలలో ఏముందో పాడి ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి. తెలిస్తే రోజుకో అర లీటరు క్యానులోకి పోకుండా పిల్లల కంచంలోకి వస్తుంది.