ఆక్స్‌ఫర్డ్‌లో సీటొచ్చిందా? అక్కడ యూనివర్సిటీ వేరు.. కాలేజీ వేరు! ఫస్టియర్ ఎలా ఉంటుందంటే..

ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందంటే ఇంట్లో పండగే. చుట్టాలకు ఫోన్లు, వాట్సాప్ స్టేటస్‌లు మొదలవుతాయి. ఆ సందడి తగ్గాక అసలు డౌట్లు బయటికొస్తాయి. సీటొచ్చింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో కదా.. మరి లెటర్‌లో ఇంకో కాలేజీ పేరెందుకు ఉంది? హాస్టల్ ఏడాదంతా ఉంటుందా? పార్ట్ టైమ్ జాబ్ చేసుకోవచ్చా? ఈ విషయాలు ముందే తెలుసుకోకపోతే వెళ్లిన మొదటి రెండు నెలల్లోనే ఇబ్బంది పడాల్సి వస్తుంది.

యూనివర్సిటీ పనేంటి.. కాలేజీ పనేంటి?

మన దగ్గర ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల కింద అనుబంధ కాలేజీలుంటాయి. పాఠాలు కాలేజీ చెప్తుంది, పరీక్షలు యూనివర్సిటీ పెడుతుంది. ఆక్స్‌ఫర్డ్ పద్ధతి ఇది కాదు. అక్కడ సిలబస్, లెక్చర్లు, ల్యాబ్‌లు, పరీక్షలు, డిగ్రీ పట్టా.. ఇవన్నీ యూనివర్సిటీ చూసుకుంటుంది. డిగ్రీ విద్యార్థికి సీటివ్వడం, రూమ్, భోజనం, ట్యుటోరియల్స్, బాగోగులు కాలేజీ బాధ్యత. పీజీలో మాత్రం ముందు డిపార్ట్‌మెంట్ ఓకే చెప్తుంది, ఆ తర్వాత కాలేజీ ఖరారవుతుంది.

ఇలాంటి కాలేజీలు, హాల్స్ అన్నీ కలిపి ఆక్స్‌ఫర్డ్‌లో 40కి పైనే ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌లో 31 ఉన్నాయి. డర్హమ్‌లోనూ కాలేజీలున్నాయి కానీ అక్కడ పాఠాల బాధ్యత మొత్తం డిపార్ట్‌మెంట్లదే, కాలేజీలు ఉండటానికి, కలిసి మెలగడానికే. కాలేజీకో తీరు ఉంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నారు. ఆయన ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీలో అసలు డిగ్రీ విద్యార్థులే ఉండరు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఫలానా కాలేజీ రాలేదని బాధపడాల్సిన పని లేదు. ఏ కాలేజీలో ఉన్నా సబ్జెక్ట్ లెక్చర్లు ఒకటే, పరీక్ష పేపర్ ఒకటే, డిగ్రీ కూడా ఒకటే.

8 వారాలే.. కానీ ఊపిరాడదు!

ఏడాదికి మూడు టర్మ్‌లు. అక్టోబర్‌లో మొదలయ్యేది మైకెల్మస్, జనవరిలో హిలరీ, ఏప్రిల్‌లో ట్రినిటీ. ఒక్కోటి 8 వారాలే. అంటే ఏడాదిలో క్లాసులు జరిగేది 24 వారాలు. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ మన దగ్గర సెమిస్టర్ అంతా సాగే సిలబస్‌ను అక్కడ ఈ 8 వారాల్లో పరుగెత్తిస్తారు.

అక్కడ అందరూ తేదీల కంటే వారాల లెక్కే ఎక్కువ వాడతారు. ‘మూడో వారం మంగళవారం’ అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. టర్మ్‌కు ముందు వచ్చేది ‘సున్నా వారం’. కొత్త విద్యార్థుల స్వాగత కార్యక్రమాలు ఆ వారంలోనే జరుగుతాయి. ఐదో వారానికి చాలామంది డీలా పడతారు. దానికి విద్యార్థులు ‘ఫిఫ్త్ వీక్ బ్లూస్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. కాబట్టి ఆ టైంలో నీరసం వస్తే ‘నాకొక్కడికే ఇలా ఉందేంటి’ అని కంగారు పడక్కర్లేదు.

వెనక బెంచీ ఉండదు

ఆక్స్‌ఫర్డ్ చదువుకు గుండెకాయ ట్యుటోరియల్. కేంబ్రిడ్జ్‌లో దీన్నే సూపర్‌విజన్ అంటారు. ఒక ప్రొఫెసర్, ఎదురుగా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు. ఒక్కోసారి ఒక్కరే. ఆర్ట్స్ వాళ్లు వారానికి ఒకటి రెండు వ్యాసాలు, సైన్స్, మ్యాథ్స్ వాళ్లు ప్రాబ్లమ్ షీట్లు ముందే రాసివ్వాలి. గంటసేపు వాటి మీదే చర్చ. ‘ఇలా ఎందుకు రాశావు? దానికి ఆధారమేంటి?’ అని అడుగుతూనే ఉంటారు.

ఇంటర్‌లో ర్యాంకుల కోసం మెటీరియల్ బట్టీ పట్టి వచ్చినవాళ్లకు మొదట్లో ఇది షాకే. అక్కడ తప్పు చెప్పడం నేరం కాదు, నోరు మెదపకపోవడమే సమస్య. ట్యూటర్‌తో విభేదించొచ్చు, కాకపోతే కారణం చెప్పాలి. చాలా కోర్సుల్లో ఈ వారం వ్యాసాల మార్కులు డిగ్రీ ఫలితంలో కలవవు. మొదటి ఏడాది పరీక్షలు కూడా ఎక్కువ కోర్సుల్లో పాసైతే చాలు, ఫైనల్ గ్రేడ్‌కు లెక్కలోకి రావు. పొరపాట్లు చేసి నేర్చుకోవడానికి ఫస్టియరే మంచి టైం.

రూమ్ ఉంటుంది.. సెలవుల్లో ఖాళీ చేయాల్సి రావచ్చు

ఫస్టియర్ డిగ్రీ విద్యార్థులకు సాధారణంగా కాలేజీయే రూమ్ ఇస్తుంది. చిక్కల్లా సెలవుల్లోనే. చాలా కాలేజీల్లో టర్మ్ అయిపోగానే సామాను సర్దుకుని రూమ్ ఖాళీ చేయాలి. క్రిస్మస్ సెలవులే దాదాపు ఆరు వారాలు. లండన్ విద్యార్థి అమ్మానాన్నల కారెక్కి వెళ్లిపోతాడు. వరంగల్ నుంచో విజయవాడ నుంచో వెళ్లినవాళ్ల పరిస్థితి ఏంటి? విదేశీ విద్యార్థులు సెలవుల్లో ఉండటానికి కాలేజీకి ముందుగా అప్లై చేసుకోవాలి. దానికి అద్దె విడిగా కట్టాల్సి రావచ్చు. రూమ్, భోజనం ఖర్చులన్నీ కలిపి టర్మ్‌కోసారి వచ్చే బిల్లును ‘బ్యాటిల్స్’ అంటారు.

తిండి సంగతికొస్తే కాలేజీ డైనింగ్ హాల్ ఉంటుంది. శాకాహారం దొరుకుతుంది కానీ పప్పు, పచ్చడి ఆశించకూడదు. పాత భవనాల్లో వంటగదులు చిన్నవి. రూమ్‌లో స్టవ్, కొవ్వొత్తి, అగరబత్తి వెలిగించడానికి చాలా కాలేజీలు ఒప్పుకోవు. కౌలీ రోడ్ వైపు వెళ్తే రకరకాల దేశాల కిరాణా షాపులున్నాయి.

పార్ట్ టైమ్ జాబ్ లెక్క వేసుకుంటే..

తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ స్థాయి కోర్సుల వాళ్లు టర్మ్ సమయంలో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. కానీ వీసా ఒప్పుకున్నంత మాత్రాన యూనివర్సిటీ ఒప్పుకున్నట్టు కాదు! ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ విద్యార్థులు టర్మ్ నడిచేటప్పుడు జాబ్ చేయడానికి ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప అనుమతి లేదు. కేంబ్రిడ్జ్ కూడా దీన్ని ప్రోత్సహించదు. పీజీ వాళ్ల రూల్స్ వేరు, కోర్సును బట్టి ఉంటాయి. అందుకే ‘వెళ్లాక పని చేసి ఖర్చులు నెట్టుకొస్తాడులే’ అని బ్యాంక్ లోన్ తక్కువ తీసుకుంటే తర్వాత చిక్కుల్లో పడతారు.

నల్ల గౌను.. ఎర్ర పువ్వు

మొదటి టర్మ్ ఆరంభంలో ‘మెట్రిక్యులేషన్’ జరుగుతుంది. మన పెద్దవాళ్లకు మెట్రిక్ అంటే పదో తరగతి. అక్కడ మాత్రం విద్యార్థిని యూనివర్సిటీలోకి లాంఛనంగా చేర్చుకునే కార్యక్రమం. ముదురు రంగు దుస్తులు, తెల్ల చొక్కా, నల్ల గౌను వేసుకోవాలి. ఈ డ్రెస్‌ను ‘సబ్‌ఫస్క్’ అంటారు. పరీక్షలకూ ఇదే. మొదటి పరీక్షకు తెల్ల కార్నేషన్ పువ్వు, మధ్యలో గులాబీ రంగుది, చివరి పరీక్షకు ఎర్రది పెట్టుకోవడం విద్యార్థుల ఆనవాయితీ.

కష్టమనిపిస్తే ఎవరికి చెప్పాలి?

కాలేజీ పద్ధతిలో అతి పెద్ద లాభం ఇదే. వేలమందిలో ఒకరిగా మిగిలిపోకుండా, కొన్ని వందల మందిలో పేరుతో గుర్తుపట్టే మనుషులుంటారు. సీనియర్లే ‘కాలేజ్ పేరెంట్స్’ అయి కొత్తవాళ్లకు దారి చూపిస్తారు. గేటు దగ్గర పోర్టర్ల ఆఫీసు ఉంటుంది. తాళం పోయినా, అర్ధరాత్రి ఒంట్లో బాగోలేకపోయినా ముందు వెళ్లాల్సింది అక్కడికే. ట్యూటర్లు, సంక్షేమ సిబ్బంది, ఉచిత కౌన్సెలింగ్ కూడా ఉన్నాయి.

మన దగ్గర ‘రస్టికేట్’ అంటే కాలేజీ నుంచి గెంటేయడమే. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల మాటల్లో మాత్రం ఆరోగ్యం బాగోలేకో, ఇంట్లో సమస్య వచ్చో చదువుకు కొంతకాలం విరామం ఇవ్వడాన్ని కూడా రస్టికేట్ అనే అంటారు. పిల్లలు ఫోన్‌లో ఆ మాట చెబితే తల్లిదండ్రులు హడలిపోకుండా ముందు విషయం కనుక్కోవాలి. అయితే విరామం తీసుకుంటే వీసా మీద ప్రభావం పడొచ్చు. కాబట్టి నిర్ణయానికి ముందే యూనివర్సిటీ వీసా విభాగంతో మాట్లాడాలి.

ఫ్లైట్ ఎక్కేముందు కాలేజీకి మెయిల్ పెట్టి ఈ నాలుగు అడిగితే సగం టెన్షన్ తీరిపోతుంది. రూమ్ ఎన్ని వారాలకు ఇస్తున్నారు? సెలవుల్లో ఉండాలంటే ఎప్పటిలోగా అప్లై చేయాలి, అద్దె ఎంత? సామాను దాచుకునే చోటు ఉందా? వంటగదిలో ఏమేం ఉన్నాయి? ఇలాంటివి అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం అక్కర్లేదు. వీటికి జవాబు చెప్పడం కూడా కాలేజీ పనే.