వెలుతురు రావాలి, ఎండ రాకూడదు

వేడి ప్రాంతాల్లో ఆసుపత్రి కట్టేవారికి వెలుతురుకు కొదవ లేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ తీవ్రత లక్ష లక్స్ దాకా ఉంటుంది. వార్డులో మామూలుగా 100, డాక్టరు రోగిని పరీక్షించేటప్పుడు 300 లక్స్ ఉంటే చాలు. చిక్కంతా ఆ వెలుగు వెంట వచ్చే వేడితోనే. మంచం మీద కదలలేని రోగి ముఖాన ఎండ పడుతుంటే నర్సు కర్టెన్ లాగేసి లైటు వేస్తుంది. ఇక కిటికీ ఉన్నా లేనట్టే. వారాల తరబడి అలా పడుకున్న మనిషికి పగలూ రాత్రీ ఒకటైపోయి నిద్ర చెడుతుంది.

పైగా పక్క కిటికీ వెలుతురు గదిలోకి ఎంతో దూరం రాదు. నేల నుంచి కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే అందుతుంది. 8 అడుగుల ఎత్తయితే 16 నుంచి 20 అడుగులన్నమాట. బాగా వెడల్పుగా కట్టిన ఆసుపత్రుల మధ్య భాగంలో పట్టపగలే లైట్లు వెలిగేది ఇందుకే.

బ్రెజిల్ ఆర్కిటెక్ట్ జువావ్ ఫిల్గేరస్ లిమా ఈ వెలుతురును పైకప్పు నుంచి దించాడు. అక్కడ అందరికీ ఆయన 'లెలే'. పునరావాస వైద్యం చేసే 'సారా' ఆసుపత్రులు చాలావాటికి రూపకల్పన ఆయనదే. వాటిలో సాల్వడార్ నగరంలోనిది 1994లో మొదలైంది. భూమధ్యరేఖకు 13 డిగ్రీల దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరది. ఆసుపత్రి మీద రంపం పళ్లలా వరుసగా లేచిన ఉక్కు కప్పులు కనిపిస్తాయి. పాత స్పిన్నింగ్ మిల్లుల కప్పులూ ఈ తీరువే, కాకపోతే లెలే వాటికి అందమైన వంపు తెచ్చాడు. ఒక్కో కప్పు లేచిన చోట పొడవాటి తెరుపు ఉంటుంది. ఆకాశపు వెలుతురు అందులోంచి వచ్చి, కప్పు లోపలి వంపును తాకి, తీవ్రత తగ్గి కిందికి దిగుతుంది. నేల కింది సొరంగాల గుండా చల్లగాలి గదుల్లోకి చేరితే, వేడెక్కిన గాలి పైకి లేచి అవే తెరుపుల్లోంచి వెళ్లిపోతుంది. ఒకే ఏర్పాటు రెండు పనులు చేయడం ఇందులోని గొప్ప. ఎండ తగలాలనుకునే రోగిని చక్రాల మంచంతో సహా తోటలోకి తీసుకెళ్తారు.

పక్క కిటికీలే గతి అయినప్పుడు దిక్కు చూసుకోవాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. అందువల్ల ఉత్తరపు కిటికీకి నీడ అక్కర్లేదన్న మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. దక్షిణాన సన్‌షేడ్ బాగానే పనిచేస్తుంది. పడమటి ఎండ వాలుగా దూసుకొస్తుంది కనుక సన్‌షేడ్‌తో ఆగదు, నిలువు పలకలు కావాలి. అసలు ఆ వైపు మెట్లో, స్టోర్ రూమో పెడితే ఇంకా మేలు.

లెలే పద్ధతికి విశాలమైన స్థలం కావాలి. కప్పులోంచి వచ్చే వెలుతురు పై అంతస్తుకే దక్కుతుంది. ఇరుకు స్థలంలో అంతస్తులు వేయక తప్పనిచోట సన్నని భవనాలు, వాటి మధ్య ఆరుబయలు వదలడమే దారి. ఎక్స్‌రే గదులకు పగటి వెలుతురు అక్కర్లేదు, వాటిని భవనం నడుమ పెట్టినా నష్టం లేదు.