చీకటి కథలు మనకెందుకు?



పగలంతా ఇంటి చాకిరీ చేసి, రాత్రి కాస్త నడుం వాల్చి ఓ పుస్తకం పట్టుకుంటే అందులోనూ భయాలూ, చావులూనా అంటారు చాలామంది. న్యాయమైన మాటే. రాబోయే కాలాన్ని భయంకరంగా ఊహించి రాసే కథల్ని డిస్టోపియా కథలంటారు. ఇవి రాసేవాళ్ళ బుర్రనిండా చీకటేనా అనిపిస్తుంది. అసలా చీకటి వాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుందో ఇవాళ చెప్పుకుందాం.

ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారమ్మా" అంటాం కదా! కాలజ్ఞానం జరగబోయేది చెబుతుంది. ఈ రచయితలు జోస్యం చెప్పరు. ఇవాళ మనమధ్య ఉన్న ఒక చెడుగును తీసుకుని, ఎవరూ అడ్డుపడకపోతే అది ఎందాకా పోతుందో చూపిస్తారు. పాలు పొంగిపోతాయని ముందే ఊహిస్తాం కనకనే పొయ్యి దగ్గర నిలబడతాం. వీళ్ళ ఊహా అలాంటిదే.

జార్జి ఆర్వెల్ 1903లో మన బీహారులోని మోతీహారిలోనే పుట్టాడు. ఆయన నవల '1984' అచ్చయింది 1949లో. అందులో ఇంటి గోడమీది తెర మనిషిని రాత్రింబగళ్ళు కనిపెడుతూ ఉంటుంది. పాత పత్రికల్లోని వార్తల్ని కూడా సర్కారువారు తిరగరాయిస్తూ ఉంటారు. హిట్లర్, స్టాలిన్‌ల పాలన చూసిన కాలం అది. ఆయన గాలిలోంచి ఏమీ పుట్టించలేదు.

కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' 1985లో వచ్చింది. అందులో ఉన్నట్టుండి ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. బ్యాంకులో వాళ్ళ డబ్బు మగవాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది. ఆఖరికి కథ చెప్పే ఆమెకు సొంత పేరు కూడా మిగలదు. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ అందులో పెట్టలేదని ఆవిడే చెప్పింది. అది చదివాక మన బ్యాంకు పుస్తకం ఎక్కడుందో, ఏ కాగితంమీద ఎందుకు సంతకం పెడుతున్నామో ఓసారి చూసుకోవాలనిపిస్తుంది.

మన తెరమీదా ఇలాంటివి చూశాం. 1991లో 'ఆదిత్య 369'లో సింగీతం శ్రీనివాసరావుగారు అణుయుద్ధం తర్వాత భూమిలోపల తలదాచుకున్న మనుషుల్ని చూపించారు. 2024లో 'కల్కి 2898 ఏ.డి.'లో ప్రయోగశాలలో అంకే పేరుగా బతుకుతున్న గర్భవతిని చూశాం.

ఇప్పుడు మనమే ఓ చీకటి కథ అల్లి చూద్దామా? విశాఖపట్నం నుంచి అరకు పోయే రైలుదారిలో టైడా అని చిన్న స్టేషను వస్తుంది. చుట్టూ అనంతగిరి కొండలూ, అడవీ. 1960లలో ఆ లైను వేసింది మనం బొర్రా గుహలు చూడ్డానికి కాదు, బైలదిల్లా ఇనుపరాయిని ఓడరేవుకి దింపడానికి. గోస్తనీ నది పుట్టేది ఆ కొండల్లోనే. దిగువన తాటిపూడి జలాశయంలో నిలిచిన ఆ నీళ్ళే విశాఖపట్నానికి తాగడానికి వస్తాయి. కొండల్ని ఒక్కొక్కటే తవ్వి రైలెక్కించేశారనుకోండి. ఊటలు ఎండిపోయాయి. గిరిజనులు ఊళ్ళు విడిచి వలసపోయారు. ఒకనాడు పట్నంలో ఓ ఇల్లాలు కుళాయి తిప్పితే వట్టి గాలే వచ్చింది.

ఇది పూర్తిగా కట్టుకథ అనుకోకండి. టైడా ఉన్న అనంతగిరి మండలంలోనే, బొర్రా ప్రాంతంలో, ప్రైవేటు సంస్థలకు గనుల లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ గిరిజనుల పక్షాన కోర్టుకెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడివాళ్ళు కథ ఆఖరు పుటదాకా వచ్చేవరకూ చేతులు కట్టుకు కూర్చోలేదు. తమ కొండలు ఏమైపోతాయో ముందే ఊహించుకున్నారు, అడ్డుపడ్డారు.

కనక మీ అమ్మాయో అబ్బాయో ఇలాంటి పుస్తకం చదువుతూంటే లాక్కోకండి. చదివాక పక్కన కూర్చోబెట్టుకుని రెండే ప్రశ్నలడగండి. మొదట జరిగిన చిన్న తప్పేమిటి? దాన్ని చూసీ ఊరుకున్నవాళ్ళెవరు? వాళ్ళు చెప్పే జవాబు విన్నాక మన వీధిలో, మన ఊళ్ళో అలాంటిది ఏముందో మీరూ ఆలోచించండి.

ఉంటానమ్మా, సెలవు.