రెండున్నరకే లాగౌట్, ఆ తర్వాత మాల్టా

రిమోట్ ఇంటర్న్‌షిప్ వచ్చిందని తెలిసిన రాత్రే మాల్టా మ్యాప్ ఓపెన్ చేశాను. మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన ఉన్న చిన్న దేశం. ప్రధాన ద్వీపం పొడవు సుమారు 27 కిలోమీటర్లే. కారు అద్దె అక్కర్లేదు, వాలెట్టా నుంచి దాదాపు అన్ని వైపులకీ బస్సులున్నాయి. చిర్కెవ్వా రేవు నుంచి గోజో ద్వీపానికి ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే కొనాలి. ఆకలేస్తే చవగ్గా పస్టిట్సీ. మన కర్రీపఫ్‌కి చుట్టం, లోపల బఠాణీ ముద్ద.

అసలు మజా టైమ్ తేడాలో ఉంది. వేసవిలో వాళ్లు మనకంటే మూడున్నర గంటలు వెనక. మన పదింటి మీటింగ్ అక్కడ పొద్దున్న ఆరున్నరకి. నిద్ర చెడుతుంది నిజమే, కానీ మన ఆరింటికి లాగౌట్ అయితే అక్కడ ఇంకా రెండున్నరే!

ఇదంతా చెప్తే నాన్న ఒకటే అడిగారు: "టూరిస్ట్ వీసా మీద పని చేయనిస్తారా?"

చూశాను. ఆ వీసా తిరగడానికే. పని చేస్తూ ఉండాలంటే నోమాడ్ రెసిడెన్స్ పర్మిట్ కావాలి, దానికి ఏడాదికి 42,000 యూరోల ఆదాయం చూపించాలి. నా స్టైపెండ్ నెలకి 15 వేల రూపాయలు. "టూరిస్ట్ అని వెళ్లి లాప్‌టాప్ తెరువు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఒక సీనియర్. ఫారమ్‌లో అబద్ధం రాసి సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంటర్న్‌షిప్ హాస్టల్ రూమ్ నుంచే చేస్తున్నా. పాస్‌పోర్ట్‌కి మాత్రం అప్లై చేశా.