గుట్టల్లో కొట్లాడేవాడు కవచం తొడుగుతాడా?

సినిమాల్లో, బొమ్మల కథల్లో అడవి వీరుడు ఒట్టి ఛాతీతోనే సైన్యం మీదికి దూకుతాడు. నిజంగా యుద్ధమే వస్తే అంత ధైర్యం చేస్తాడా, కవచం తొడుక్కోడా? ఎక్కడ కొట్లాడుతున్నాడో, ఎదుటివాడి చేతిలో ఏముందో చూస్తే తప్ప దీనికి జవాబు చెప్పలేం.

ఉత్తర తెలంగాణలో ఇనుముకు కరువు లేదు. నిర్మల్ నుంచి గోదావరి దాటి దక్షిణానికి వెళ్తే కోనసముద్రం వస్తుంది. అక్కడి కొలిముల్లో, మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అయినా కవచం పేదవాడికి అందేది కాదు. గొలుసు చొక్కాలో ఒక్కో కడియాన్ని చుట్టూ ఉన్న నాలుగింటిలోంచి దూర్చాలి, కొసలు అణగ్గొట్టాలి, సన్నటి మేకు బిగించాలి. ఇలా వేల కడియాలు! పూర్తయ్యేసరికి పది కిలోలకు అటూఇటూ తూగుతుంది. కత్తి కోత నుంచి కాపాడుతుంది కానీ దెబ్బ అదురు ఎముక దాకా పోతుంది. అందుకే లోపల మందపాటి అంగీ కూడా వేసుకోవాలి. మన మే నెల ఎండలో ఆ రెండూ వేసుకుని గుట్ట ఎక్కడమంటే శత్రువు కన్నా ముందు వడదెబ్బే పడేస్తుంది.

అడవిలో దెబ్బకొట్టి మాయమయ్యేవాడికి కాళ్ల చురుకే రక్ష. నిర్మల్ ప్రాంతంలో రోహిల్లాలతో కలిసి పోరాడిన రాంజీ గోండుకైనా, జోడేఘాట్ గుట్టల్లో 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన కొమురం భీముకైనా ఎదురైంది తుపాకులే. గొలుసు చొక్కా వాటిని ఆపేది కాదు. వాళ్లకు కవచం లేకపోవడాన్ని అమాయకత్వమనీ, వెనుకబాటుతనమనీ చూపించే కథలు నాకు బాధ కలిగిస్తాయి.

మైదానంలో వరుసకట్టి నిలబడాల్సి వస్తే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ బాణాలు తప్పించుకునే చోటుండదు. తేలిక సిపాయి కూడా ముందు డాలు పడతాడు, తర్వాత తలకు మందంగా గుడ్డ చుడతాడు, స్తోమత ఉంటే బొంతలా పొరలు పొరలుగా కుట్టిన అంగీ తొడుగుతాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, అక్కడి సైనికుల పొరల అంగీలను, తోలు తొడుగులను వర్ణించాడు. సామ్రాజ్య సైన్యం కూడా నిలువెల్లా ఇనుములో మునగలేదు.

కాబట్టి కథ రాసేవాళ్లు, బొమ్మ గీసేవాళ్లు తమ వీరుడికి ఛాతీ పలక బిగించే ముందు చేతికి డాలు, తలకు పాగా ఇవ్వాలి. పొదల్లోంచి బాణం వేసి పరుగెత్తాల్సినవాడైతే ఆ డాలు కూడా చిన్నదిగానే ఉండాలి.