గిటార్ రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్? ముందు లేటెన్సీ సంగతి చూడండి

కంచరపాలెంలో మా ఇల్లు రైల్వే లైన్‌కి దగ్గర. మైక్ పెట్టి గిటార్ రికార్డ్ చేస్తే మధ్యలో రైలు కూత గ్యారంటీ. అందుకే ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిపేశా. రైలు గోల పోయింది గానీ కొత్త తలనొప్పి మొదలైంది. తీగ మీటిన కాస్త తర్వాత హెడ్‌ఫోన్‌లో సౌండ్! వారం రోజులు నా తాళమే తప్పుతోందనుకుని మెట్రోనోమ్‌తో కుస్తీ పట్టా. తప్పు నా వేళ్లది కాదు, లేటెన్సీది.

లెక్క సింపుల్. సెకనుకి 44,100 శాంపిళ్లు. బఫర్ 1024 ఉంటే అది నిండడానికే 23 మిల్లీసెకన్లు, 128 అయితే 3 లోపే. లోపలికి ఒకటి, బయటికి ఒకటి కాబట్టి ఆలస్యం దాదాపు రెట్టింపు. మరీ తగ్గిస్తే ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు వస్తాయి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దే వద్దు.

ఇక సాఫ్ట్‌వేర్. ఆడాసిటీ ఉచితం, రికార్డ్ చేసి కత్తిరించుకోడానికి చాలు. కానీ వాయిస్తూనే ఆంప్ ఎఫెక్ట్ వినడం అందులో కుదరదు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఆంప్‌లూ లోపలే ఉంటాయి, ఇంకేం వెతక్కండి. ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్.

నా పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం రీపర్ నిలబడింది. 60 రోజులు ట్రయల్, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. మొదటిసారి ఆ మెనూలు చూస్తే భయమేస్తుంది, నిజమే. కానీ తేలిగ్గా నడుస్తుంది కాబట్టే బఫర్ 128కి దించగలిగా. ఆంప్ సౌండ్‌కి న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్ వేసుకున్నా. మీరూ రీపర్ వేస్తే, ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ దగ్గర దాన్నే ఎంచుకోండి. నేను వారం పాటు చూడనిది ఆ ఒక్క సెట్టింగే.